కుడి రెక్క

బందరు చిలకలపూడిలో ఎవరింటి చిలకకైనా రెక్క దెబ్బతింటే ఇప్పటికీ "వెంకాయమ్మ గారింటికి తీసుకెళ్లండి, అతికించి పంపిస్తుంది" అంటారు. ఆ పేరు రాకముందు పదకొండేళ్లపాటు ఆమె రెక్కలు కోసే వెంకాయమ్మ. ఈ రెండో సంగతి కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. చెప్పగలిగినవాడు ఆమె భర్త రాజారత్నం. అతనేమో పదిసార్లు అడిగితే ఒకసారి నోరు విప్పే మనిషి.

వెంకాయమ్మది గిల్టు నగల పని. షాపువాళ్లు తీగలూ రాళ్లూ ఇంటికి పంపిస్తే గొలుసులకు లింకులు కలిపి, లాకెట్లలో రాళ్లు పొదిగి తిరిగి పంపేది. ఆవగింజంత రాయిని పట్టకారుతో ఎత్తి గుంటలో కూర్చోబెడుతూనే పక్కింటామెతో కూరల ధరలు మాట్లాడగలదు. చెయ్యి మాత్రం వణకదు. ఆ చెయ్యి అంటే ఆమెకు గర్వం. చర్చిలో మోకరించి కళ్లు మూసుకున్నప్పుడు కూడా ఆ గర్వం ఎక్కడికీ పోయేది కాదని రాజారత్నం అనుమానం.

ఎనభై ఏడులో కూతురు సరళ పదో తరగతి చదువుతుండగా ఒక చిలక పిల్లను ఇంటికి తెచ్చింది. కీర్తనలు నేర్పిద్దామని దానికి దావీదు అని పేరు పెట్టింది. సరళ పెళ్లయి పామర్రు వెళ్లిపోయింది గానీ దావీదుకు ఒక్క కీర్తనా రాలేదు. వచ్చిందల్లా కుక్కరు విజిల్. మూడు విజిల్స్ విని పొయ్యి ఆపడానికి పరుగెత్తి, అసలు కుక్కరే పెట్టలేదని గుర్తొచ్చి వెంకాయమ్మ ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్క లేదు.

దావీదుకు రెక్కలొచ్చిన రోజుల్లోనే ఆమె మొదటిసారి కత్తెర పట్టింది. అంతకుముందు వీధిలో చిలకల రెక్కలు కోయాలంటే టైలరు కత్తెరో, కొడవలో. నెత్తురొచ్చేది, చిలక వారం రోజులు తిండి ముట్టేది కాదు. వెంకాయమ్మ తీగలు కత్తిరించే చిన్న కత్తెర తీసుకుంది. కుడి రెక్క ఒక్కటే విప్పి, అంచున రెండు పొడుగు ఈకలు వదిలేసి, వాటి వెనక ఐదింటిని ఏటవాలుగా కోసింది. నెత్తురు చుక్క లేదు. రెక్క ముడిస్తే కోసినట్టే కనిపించలేదు. చిలక అందం చిలకకుంది, ఎగరడమొక్కటే పోయింది.

అది చూసి వీధి వీధంతా వచ్చింది. "వెంకాయమ్మ కోస్తే కోసినట్టే ఉండదు" అన్నారు. పెంపుడు ప్రాణానికి డబ్బులేంటని ఆమె ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఏటా వేసవిలో నందివాడ వైపు తాటిమోడుల తొర్రల్లోంచి చిలక పిల్లల్ని తీసి అమ్ముకునే పిచ్చేశ్వరరావు కూడా గంప ఎత్తుకుని వచ్చేవాడు. వస్తూ వస్తూ తాటిముంజలు తెచ్చేవాడు. గంపలోని పిల్లల రెక్కలన్నీ ఆమె కోసి పంపేది.

ఇందులో తమాషా ఏమిటంటే రాజారత్నం అటవీ శాఖలో రోజుకూలీ వాచర్. చిలకను పెంచడం నేరమని అతనికి తెలుసు. ఆ రోజుల్లో చట్టం పుస్తకంలో ఉండేది, చిలక పంజరంలో ఉండేది, రెండూ ఒకదాని జోలికి ఒకటి వచ్చేవి కావు. కంచే చేను మేయడమంటే ఇదేనేమోనని అతను నవ్వుకుని ఊరుకునేవాడు.

తొంభై ఎనిమిది జూలై ఆఖర్లో జీవన్ కుమార్ అని కొత్త రేంజర్ వచ్చాడు. వచ్చిన వారానికే పిచ్చేశ్వరరావుని గుడివాడ బస్టాండులో గంపతో సహా పట్టుకున్నాడు. గంపలో అమ్ముడుపోని చిలకలు తొమ్మిది ఉన్నాయి. వాటిని బందరు తెచ్చి ఆఫీసు వెనక గదిలో పెట్టించి, నీళ్లూ జామకాయలూ పెట్టమని రాజారత్నానికి చెప్పాడు.

రాజారత్నం ఒక చిలకను చేతిలోకి తీసుకుని ఊరికే రెక్క విప్పి చూశాడు. అంచున రెండు పొడుగు ఈకలు, వెనక ఐదు ఏటవాలుగా తెగి ఉన్నాయి. ఇంకోటి తీశాడు. అదీ అంతే. తొమ్మిదింటినీ చూశాడు. కాగితం మీద దస్తూరి గుర్తుపట్టినట్టు అతను ఆ కోతను గుర్తుపట్టాడు. చేతిలో ఉన్న చిలక వేలు కొరుకుతున్నా వదిలిపెట్టడం మర్చిపోయాడు.

"ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక వీటిని దివిసీమ తీసుకెళ్లి వదిలేద్దాం రాజారత్నం గారూ" అన్నాడు రేంజర్ గుమ్మంలోంచి. "పేపరువాళ్లకి కూడా చెప్పాను."

ఇవి ఎగరలేవు సార్ అన్న మాట రాజారత్నం గొంతుదాకా వచ్చింది. అంటే, ఎవరు కోశారన్నది తర్వాతి ప్రశ్న. అతను "అట్టాగే సార్" అనేశాడు. అన్నందుకు ఆ పూటంతా తనమీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని ఆగాడు.

"కూరలో ఉప్పు తగ్గిందా ఏంటి?" అంది వెంకాయమ్మ.

"ఉంది. పిచ్చేశ్వరరావుని పట్టుకున్నారు. తొమ్మిది చిలకలు దొరికినాయి. పదిహేనో తారీకు దివిసీమలో వదిలేస్తారంట."

ఆమె గరిటె కింద పెట్టింది. "వదిలేస్తారా? బయటా?"

"బయటే. పేపరువాళ్ల ముందు."

"అవి ఎగరలేవుగా."

"ఎగరలేవు. అన్నీ నీ చేతివే, నేను చూశాను."

వెంకాయమ్మ పీట మీద కూలబడింది. పంజరంలో ఉండేదానికి రెక్కెందుకన్నది ఇన్నేళ్లుగా ఆమె లెక్క. గోరు తీసినట్టే కదా, నొప్పి లేదు కదా అనుకునేది. పంజరం తలుపు ఎవరైనా తీస్తారని, తీసినప్పుడు ఆ చిలక ఏమవుతుందని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కొబ్బరితోటలో నేలమీద గెంతే తొమ్మిది చిలకలూ, వాటి చుట్టూ మూగిన కుక్కలూ కాకులూ కనిపించాయి.

"రేపు నేనూ వస్తాను ఆఫీసుకి" అంది.

"నా ఉద్యోగం పోతుందే."

"నీ పేరు చెప్పన్లే."

"నువ్వు నా పెళ్లానివని ఆయన కనుక్కోలేడా ఏంటి?"

 అయినా మర్నాడు చీర మార్చుకుని, పనిసంచీ భుజానికి తగిలించుకుని అతని సైకిలెక్కింది.

రేంజర్ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. జీవన్ కుమార్ నమ్మలేక ఒక చిలకను తెప్పించి గదిలో వదిలాడు. అది రెండుసార్లు రెక్కలు టపటపలాడించి ఫైళ్ల మీద బోర్లా పడింది. అతని ముఖం వాడిపోయింది.

"ఈకలు మళ్లీ ఎప్పుడొస్తాయి?"

"వచ్చే ఏడు వానాకాలానికండి."

"అంతకాలం ఆఫీసులో ఉంచడం కుదరదు. పదిహేనుకి ఎగరనివాటిని జూకి పంపించాల్సిందే."

జూ అంటే ఇంకా పెద్ద పంజరం, చచ్చేదాకా ఉండే పంజరం. వెంకాయమ్మ ఆ చిలకను చేతిలోకి తీసుకుని తెగిన ఈక కాడను వెలుతురుకి పెట్టి చూసింది. లోపల బోలుగా ఉంది.

"అతుకుతానండి" అంది. "చేతికేసుకునే గొట్టం గాజు విరిగితే లోపల తీగ పెట్టి అతుకుతాం. ఇదీ గొట్టమేగా."

"ఈకలు కోసినందుకు నేను మీమీద కేసు పెట్టాలమ్మా."

"పెట్టండి. పదిహేను దాటాక పెట్టండి."

జీవన్ కుమార్ రాజారత్నం వైపు చూశాడు. రాజారత్నం గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. పదకొండు రోజులుంది.

ఆ రోజే వెనక గదిలో పని మొదలైంది. ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద రాలిన చిలక ఈకల్లో పనికొచ్చేవి ఐదు దొరికాయి. రాజారత్నం చిలకను తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, అది అతని వేళ్లను జామకాయలనుకుని కొరుకుతుంటే, ఆమె తెగిన కాడలో సన్నటి ఇత్తడి తీగ దూర్చి, గమ్ము పెట్టి, రాలిన ఈకను దాని మీద తొడిగింది. సాయంత్రానికి ఐదూ అతికాయి. అచ్చం పుట్టిన రెక్కలాగే ఉంది. ఆమె ముఖంలో పాత గర్వం తొంగిచూడడం రాజారత్నం చూశాడు.

మర్నాడు గది తలుపులు మూసి వదిలారు. చిలక లేచింది, కుడివైపు ఒరిగింది, గదిలో ఒక చుట్టు తిరిగి నేరుగా బీరువాకు కొట్టుకుంది. ముక్కు దగ్గర నెత్తురు వచ్చింది.

"ఇత్తడి" అంది వెంకాయమ్మ, దాన్ని ఒళ్లో పెట్టుకుని. "నగ చేసే బుద్ధి పోలేదు నాకు. నగకి బరువుంటే అందం. రెక్కకి బరువుంటే చావు."  పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో, తను చేసిన పని తప్పన్న మాట ఆమె నోట రాజారత్నం వినడం అదే మొదటిసారి.

చీపురులోంచి ఈనె పీకి, దాన్ని గాజుపెంకుతో గీకి గీకి నూలుపోగంత సన్నగా చేసింది. ఇత్తడి తీసేసి ఈనెలు పెట్టింది. దెబ్బ తగిలిన చిలకే మళ్లీ ఎగిరింది. ఈసారి ఒరగలేదు. కిటికీ పైన కూర్చుని కిందికి రానని భీష్మించింది. రాజారత్నానికి ఆ క్షణంలో ఉద్యోగం పోయినా ఫర్వాలేదనిపించింది, అంత సంతోషం వేసింది.

మిగిలినవి ఎనిమిది. ఒక్కోదానికి ఐదేసి ఈకలు కావాలి, అవీ కుడి రెక్కవే కావాలి. ఎడమవి వంపు తిరగబడి ఉంటాయి, పనికిరావు.

ఈకల కోసం ఆమె మొదట వెళ్లింది తాను రెక్కలు కోసిన చిలకలున్న ఇళ్లకే. అవి ఈకలు రాల్చే రోజులు. రాలిన ఈకను పారెయ్యకుండా పుస్తకంలో దాచుకోవడం అందరికీ అలవాటు. గ్రేస్ టీచర్ ఇంటికి వెళ్లి అడిగితే ఆవిడ నవ్వుతూ కీర్తనల పుస్తకం తెచ్చి విప్పింది.

"మా చిలకవి ఎన్నేళ్లవో ఉన్నాయి వెంకాయమ్మా, కావలసినన్ని తీసుకో."

పేజీల మధ్య పచ్చగా ఈకలున్నాయి. వెంకాయమ్మ ఒకటి తీసి చూసింది, పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. నాలుగో ఈక తర్వాత ఆమె చెయ్యి ముందుకు సాగలేదు. కుడి రెక్క ఈకల్లో కావలసినవన్నీ సగాలే. ఏటవాలుగా తెగి, సగంలో ఆగిపోయి ఉన్నాయి. రాలినవి కూడా ఆమె కోశాక రాలినవే కదా.

భూషణం ఇంట్లో బిస్కెట్ల డబ్బా నిండా ఈకలు ఇచ్చారు. కావలసినవన్నీ సగాలే. మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో కూడా అంతే. ప్రతి గుమ్మంలోనూ పంజరంలోంచి ఒక చిలక తల వంచి వీళ్లను చూసేది. సంచీ పట్టుకుని వెనకే నడుస్తున్న రాజారత్నానికి ఆ చూపు భరించడం కష్టమైంది. ఐదో ఇంటి ముందు వెంకాయమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఈ ఊళ్లో ఇంటింటికీ తిరిగినా ఒక్క నిండు ఈక దొరకదయ్యా. నేనే లేకుండా చేశాను."

"ఈ ఊళ్లో దొరకదు" అన్నాడు రాజారత్నం. "దివిసీమలో దొరుకుద్ది. అవనిగడ్డ దాటాక కాలవగట్టు మీద కొబ్బరితోటలో వందల చిలకలు పడుకుంటాయి. వాటి జోలికి నీ కత్తెర పోలేదుగా."

అతను అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. ఆమె తలెత్తి చూసి, మొత్తానికి నవ్వింది.

మూడు రోజులు మొదటి బస్సులో చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్లారు. వీళ్లు తోట చేరేసరికి చిలకలు కేకలు పెడుతూ పొలాల మీదికి వెళ్లిపోతుండేవి. వంగి వంగి ఏరేవాళ్లు. తోక ఈకలు, పొట్ట ఈకలు, ఎడమ ఈకలు బోలెడు. బురదలో నలిగినవి ఇంకా బోలెడు. ఇంటికొచ్చాక వెంకాయమ్మ నగల రాళ్లు వేరుచేసే పళ్లెంలో పోసుకుని, వంపూ పొడుగూ చూసుకుని వరుసలు పేర్చుకునేది. ఇటు ఆఫీసులో చిలకలు ఒక్కొక్కటే కిటికీ పైకి చేరుతున్నాయి. లేత వయసు, రెండ్రోజుల్లో ఎగరడం పట్టుబడుతోంది. పధ్నాలుగో తారీకు సాయంత్రానికి ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోదానికి ఈకల్లేవు. పళ్లెంలో మిగిలినవన్నీ ఎడమ రెక్కవే.

జీవన్ కుమార్ వచ్చి చూశాడు. "ఎనిమిదింటిని బతికించారమ్మా, అదే గొప్ప. ఆ ఒక్కదాన్నీ జూకి రాసేస్తాను" అన్నాడు మెల్లిగా.

"రేప్పొద్దున దాకా రాయకండి సార్" అంది వెంకాయమ్మ.

ఇంటికొచ్చేసరికి దావీదు వంటింటి గడప మీద నడుస్తున్నాడు. శ్రావణమాసం ఆర్డర్ల హడావుడిలో పడి ఆమె ఆ ఏడు వాడి కొత్త ఈకలు కోయలేదు. ఐదూ నిండుగా ఎదిగి నెల దాటింది. పంజరం తలుపు తీసే ఉంటుంది. వాడు ఒక్కసారి కూడా ఎగరలేదు. దండెం మీదికి పోవాలంటే గోడ పట్టుకుని పాకేవాడు, కిందికి రావాలంటే దూకేవాడు. కాళ్లతోనే బతకడం వాడికి అలవాటైపోయింది.

రాజారత్నం కాసేపు వాణ్ణి చూశాడు. "వాడి ఈకలు వాడికెట్టాగూ అక్కర్లేదు కదే" అన్నాడు. అన్నాక, ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించి తనకే బాగోలేదు.

వెంకాయమ్మ చాలాసేపు దావీదుకి జామకాయ ముక్కలు పెడుతూ కూర్చుంది. వాడు కుక్కరు విజిల్ వేశాడు. ఆమె ఎప్పటిలా తిట్టలేదు.

తెల్లవారాక చిన్న కత్తెర తీసుకుని పెరట్లోకి వెళ్లింది. రాజారత్నం గడ్డం గీసుకుంటూ అద్దం ముందే ఉండిపోయాడు. వెళ్లి చిలకను పట్టుకుంటే ఆమెకు సాయంగా ఉండేది, కానీ కాలు కదల్లేదు. ఎంతోసేపు పట్టలేదు. ఆమె ఐదు ఈకలు కాగితంలో పెట్టుకుని వచ్చి, అతని వైపు చూడకుండా పనిసంచీలో సర్దుకుంది. జెండా వందనం అయ్యేలోగా తొమ్మిదో చిలకకు ఐదూ అతికించింది. చెయ్యి ఎప్పటిలాగే నిలకడగా ఉంది. గదిలో వదిలితే ఒక్క ఊపులో కిటికీ ఎక్కింది.

కొబ్బరితోటలో పేపరువాళ్లు ఇద్దరు, ఊరివాళ్లు ముప్ఫైమంది చేరారు. జీవన్ కుమార్ గంప మూత తీశాడు. మొదటిది అంచు మీద కూర్చుని చుట్టూ చూసి లేచింది. దాని వెనక రెండు, తర్వాత ఒక్కసారే నాలుగు. చివర మిగిలిన రెండింట్లో ఒకటి దావీదు ఈకలది. అది కొబ్బరిమట్ట దాకా వెళ్లి ఆగి, మళ్లీ లేచి, కాలవ దాటి మిగతావాటిలో కలిసిపోయింది. ఆఖరిది దాని వెనకే పోయింది. జనం చప్పట్లు కొట్టారు. గంపలో జామగింజలు తప్ప ఏమీ లేవు.

జీవన్ కుమార్ రిపోర్టులో "స్థానికుల సాయంతో చికిత్స చేసి వదలడమైనది" అని రాసుకుని, పైకి చదివి వినిపించాడు. కేసు మాట ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ వెంకాయమ్మకు నమస్కారం పెట్టాడు. ఉద్యోగానికి ఢోకా లేదని రాజారత్నానికి అప్పుడు ఊపిరాడింది.

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. మోపిదేవి దాటినా వెంకాయమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"తొమ్మిదీ ఎగిరినాయిగా" అన్నాడు రాజారత్నం. "ఇంకా ఏంటే నీ దిగులు? దావీదు గురించా? వాడికి నొప్పెట్టిందా?"

"నొప్పేం లేదు."

"గింజుకున్నాడా? నేను వచ్చి పట్టుకోవాల్సింది. రాలేకపోయాను."

"ఎవరూ పట్టుకోనక్కర్లేకపోయిందయ్యా" అంది ఆమె.  "పెరట్లో కూర్చుని కత్తెర తీశాను. తీసేసరికి వాడే నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, కుడి రెక్క చాపి నిలబడ్డాడు."

రాజారత్నం ఆ చేతుల మీద తన చెయ్యి పెట్టాడు. ఇన్నేళ్లలో మొదటిసారి అవి వణుకుతున్నాయి. కండక్టరు వచ్చి టికెట్ అడిగితే, రెండు బందరు అన్నాడు.